ఆచార్య సూరి భగవంతం: స్ఫటికములు, అయస్కాంతములు

పటాన్‌చెరు ప్రాంతపు కళాశాలలో చదువు చెప్పేవారికి ఒక అనుభవం తప్పదు. తరగతిలో కూర్చున్న విద్యార్థులలో పలువురి తండ్రులో అన్నలో ఏదో ఒక కర్మాగారంలో పని చేస్తున్నవారే అయివుంటారు. ఇటు రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ ఉన్నది. అటు ఎద్దుమైలారంలో యుద్ధశకటములు తయారుచేసే కర్మాగారము, భానూరులో క్షిపణులకు సంబంధించిన భారత్ డైనమిక్స్ శాఖ ఉన్నవి. యంత్రముల చప్పుడు మధ్య పెరిగిన ఈ పిల్లలు భౌతికశాస్త్రం చదివితే ఏ కంపెనీలో ఉద్యోగం దొరకునని అడుగుతారే గాని, ఆ కంపెనీ గోడల వెనుక ఏ శాస్త్రం పనిచేస్తున్నదని అడిగేవారు అరుదు. వారిని తప్పు పట్టలేము. మనము వారికి ఆ కథ చెప్పలేదు.

ఈ సంచికలో మేము చెప్పదలచినది ఆచార్య సూరి భగవంతంగారి జీవితము. మేము తెలుగు బోధించేవారము. భౌతికశాస్త్రంలో మాకు గల పరిచయం ఇంటర్మీడియట్‌తో ఆగిపోయింది. అయినా ఈ రచనకు పూనుకొనుటకు రెండు కారణములు కలవు. మొదటిది, తెలుగునాట పుట్టి హైదరాబాదులో చదివి ప్రపంచస్థాయి స్ఫటికశాస్త్రవేత్తగా పేరొందిన వ్యక్తిని మన విద్యార్థులు పేరుతోనైనా ఎరుగకపోవుట మాకు బాధ కలిగించినది. రెండవది, ప్రయోగశాలలో తపస్సు చేసిన మనిషి కుర్చీలోకి, కార్యాలయంలోకి వెళ్లినప్పుడు ఆయన శాస్త్రం ఏమవుతుందన్న ప్రశ్న ఆయన జీవితంలో కనిపించినంత స్పష్టంగా మరొకచోట కనిపించదు.

భగవంతంగారు 1909 అక్టోబరు 14న కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. ఉన్నత విద్యకు హైదరాబాదు వచ్చి నిజాం కళాశాలలో భౌతికశాస్త్రం ప్రధానాంశముగా పట్టభద్రులైనారు. ఆ రోజులలో నిజాం కళాశాల హైదరాబాదు నడిబొడ్డున ఉన్నా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైన ఆంగ్లమాధ్యమ కళాశాల. కొద్ది మైళ్ల దూరంలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం అదే శాస్త్రమును ఉర్దూలో బోధిస్తున్నది. ఒకే నగరంలో ఒకే పాఠము రెండు భాషలలో సాగిన ఆ విచిత్రమును పాఠకులు గుర్తుంచుకోవలెను. ఈ ఇద్దరి దారులు ముందు ముందు కలుస్తాయి.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో చంద్రశేఖర వేంకటరామన్‌గారు కాంతి పరిక్షేపణలో కొత్త దృగ్విషయమును కనుగొన్నారు. అదే సంవత్సరం భగవంతంగారు కలకత్తా చేరి, బౌబజారు వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో రామన్‌గారి శిష్యబృందంలో స్థానం సంపాదించుకొన్నారు. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిది నిండలేదు, లేదా అప్పుడే నిండుతున్నది. మన కళాశాలలో ఆ వయస్సువారు బి.యస్సీ. రెండవ సంవత్సరపు పరీక్షల రుసుము గడువు గురించి ఆందోళన పడుతుంటారు.

రామన్‌గారి శిష్యుడనగానే అందరూ కాంతిని గురించే తలుస్తారు. కాని భగవంతంగారి తొలి గణనీయమైన పరిశోధన అయస్కాంతత్వమునకు సంబంధించినది. 1929లో లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో నాఫ్తలీన్ స్ఫటికముల అయస్కాంత అసమదిశాత్మకతపై ఆయన ఒక్కరి పేరిట వ్యాసం వెలువడినది. నాఫ్తలీన్ అనగా మరేమో కాదు. మన ఇళ్లలో పట్టుబట్టల పెట్టెల మూలల్లో వేసే కలరా ఉండలే. ఆ ఉండ అయస్కాంతానికి అంటుకొనదు, అంటుకొనకపోగా అతి స్వల్పముగా వికర్షింపబడుతుంది. ఇట్టి పదార్థములను డయామాగ్నెటిక్ పదార్థములందురు.

ఆ వికర్షణ ఎంతటిదో కొలుచుటలో ఏమి ఘనత ఉన్నదని అడుగవచ్చును. ఘనత దిక్కులో ఉన్నది. నాఫ్తలీన్ అణువు రెండు బెంజీను వలయములు పక్కపక్కన అతుకబడిన పలుచని పలక వంటిది. ఆ పలకకు లంబముగా అయస్కాంత క్షేత్రము ప్రసరించినప్పుడు వికర్షణ ఎక్కువ, పలక తలము వెంట ప్రసరించినప్పుడు తక్కువ. కాబట్టి స్ఫటికమును వేరువేరు దిక్కులకు త్రిప్పి వికర్షణను కొలిస్తే, కంటికి కనబడని అణుపలకలు ఆ స్ఫటికంలో ఏ వాలుగా పేర్చబడినవో ఊహించవచ్చును. ఎక్స్ కిరణముల ద్వారా నాఫ్తలీన్ అణువుల అమరికను రాబర్ట్‌సన్ పూర్తిగా నిర్ధారించినది 1933లో. అంటే ఆ అమరిక ఇంకా ఖచ్చితముగా తెలియని కాలంలో కలకత్తాలోని ఒక తెలుగు యువకుడు అయస్కాంతమును దీపముగా చేసుకొని అణువుల లోపలికి తొంగి చూచినాడన్నమాట.

ఈ మార్గమును ఉన్నత శిఖరాలకు చేర్చినవారు కె.యస్. కృష్ణన్‌గారు. రామన్‌గారితో కలిసి ఆ కొత్త దృగ్విషయమును కనుగొన్న ఆయన 1928 చివర ఢాకా వెళ్లి, అక్కడి సహచరులతో కలిసి స్ఫటికమును సన్నని దారానికి వ్రేలాడదీసి అయస్కాంత క్షేత్రంలో అది త్రిప్పుకొనే బలమును కొలిచే పద్ధతిని తీర్చిదిద్దారు. ఆ కాలమున భారతదేశమున అయస్కాంతశాస్త్రపు మూడవ కేంద్రము లాహోరు. అక్కడ శాంతిస్వరూప్ భట్నాగర్‌గారు రసాయనముల అయస్కాంత గుణములపై పనిచేసి, మాథుర్‌గారితో కలిసి 1935లో మాగ్నెటోకెమిస్ట్రీపై గ్రంథము ప్రకటించారు. మా ఉర్దూ విభాగపు మిత్రులకు సంతోషం కలిగించే సంగతి ఒకటి ఇక్కడ చెప్పకుండ ఉండలేము. భట్నాగర్‌గారు ఉర్దూ కవి కూడాను. ఆయన ఉర్దూ కవితలు, మరణించిన సహధర్మచారిణి పేరు మీదనే, లాజ్‌వంతీ అనే సంపుటముగా వెలువడినవి. అయస్కాంతమును కొలిచే చేయి గజలు వ్రాయరాదన్న నియమం లేదు.

కలకత్తాలో భగవంతంగారు చేసిన మరొక పని రామన్‌గారితో కలిసి కాంతికణమునకు స్పిన్ అనే స్వీయభ్రమణ గుణము కలదని 1931లో ప్రకటించుట. పరిక్షేపణ చెందిన కాంతి ధ్రువణమును కొలిచి వారు ఈ నిర్ణయమునకు వచ్చారు. కాంతి ఒక పలకను నిజముగానే మెలిత్రిప్పగలదని యాంత్రికముగా కొలిచి చూపినది 1936లో అమెరికాలో రిచర్డ్ బెత్. ఈ రెండింటిని ఒకే త్రాసులో తూచే పరిజ్ఞానం మాకు లేదు గనుక ఇంతటితో విడిచిపెడుతున్నాము.

1932లో భగవంతంగారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఉపాధ్యక్షులు. జయపురం మహారాజా విక్రమదేవవర్మగారి దాతృత్వముతో విజ్ఞానశాస్త్ర కళాశాల అప్పుడే రూపు దిద్దుకొంటున్నది. కలకత్తా వంటి నగరమును విడిచి సముద్రపు గాలికి గోడలింకా ఆరని ఒక కొత్త విశ్వవిద్యాలయమునకు రావడం సాహసమే. కాని మా అభిప్రాయంలో భగవంతంగారి శాస్త్రజీవితంలోని ఉత్తమ దశాబ్దము ఇదే. ఇక్కడ ఆయన తన చేతికి ఒక కొత్త పనిముట్టును సంపాదించుకొన్నారు. దాని పేరు గ్రూపుల సిద్ధాంతము.

దీనిని మా భౌతికశాస్త్ర సహాధ్యాపకులు మాకు వివరించిన రీతిలోనే వివరిస్తాము. హైదరాబాదులోని పైగా సమాధుల వద్ద పాలరాతిలోను గచ్చులోను చెక్కిన జాలీలను చూచినవారికి సౌష్ఠవమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. ఆరు రేకుల నక్షత్రాన్ని అరవై డిగ్రీలు త్రిప్పినా అదే నక్షత్రం. స్ఫటికములు ప్రకృతి చెక్కిన జాలీలు. త్రిప్పుట, అద్దంలో ప్రతిబింబించుట వంటి క్రియల వలన మార్పు చెందని తీరును బట్టి స్ఫటికములన్నింటిని 32 తరగతులుగా పందొమ్మిదవ శతాబ్దంలోనే విభజించారు. ఒక స్ఫటికమును నొక్కితే ఎట్లు వంగుతుంది, వేడిచేస్తే ఎటు వ్యాకోచిస్తుంది, కాంతిని ఎట్లు చీలుస్తుంది అనే గుణములన్నియు ఆ స్ఫటికపు సౌష్ఠవమునకు లోబడి ఉండవలెను. జర్మనీకి చెందిన నాయ్‌మన్ పేరిట ఈ సూత్రము ప్రసిద్ధము. కనుక సౌష్ఠవం హెచ్చిన కొద్దీ స్ఫటికపు ప్రవర్తనను చెప్పుటకు కావలసిన అంకెలు తగ్గుతాయి. ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికపు స్థితిస్థాపకతను చెప్పుటకు 21 అంకెలు కావలెను. ఉప్పురాయి, వజ్రము వంటి ఘనాకృతి స్ఫటికములకు 3 చాలును. గాజునకు 2.

ఈ అంకెలెన్నో లెక్కించుటకు పూర్వులు ప్రతి తరగతికి పేజీలకు పేజీలు సమీకరణములు వ్రాసేవారు. భగవంతంగారు గణితశాస్త్రజ్ఞులైన టి. వేంకటరాయుడుగారితో కలిసి, గ్రూపుల సిద్ధాంతములోని లక్షణాంకముల సహాయంతో అదే లెక్కను కొద్ది పంక్తులలో తేల్చే పద్ధతిని వ్యాపింపజేశారు. వారిరువురి పేరుతో 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రకటించిన గ్రూపుల సిద్ధాంత గ్రంథము దేశదేశాల విద్యార్థుల చేతులలో నలిగినది. అంతకు పూర్వము 1940లో రామన్ ఎఫెక్టుపై ఆయన గ్రంథమును సైతం వాల్తేరే ప్రకటించినది.

ఈ పద్ధతి బలమెంతటిదో 1942లో తేటపడినది. స్ఫటికములను నొక్కినప్పుడు వాటి కాంతిగుణములు మారుతాయి. ఆ మార్పును చెప్పే అంకెల పట్టికలను జర్మన్ శాస్త్రజ్ఞుడు పొకెల్స్ చాలకాలం క్రితమే సిద్ధము చేసి ఉంచాడు. పొకెల్స్ ఆ రంగానికి ప్రమాణపురుషుడు. ఆయన పట్టికలను దశాబ్దములుగా పాఠ్యగ్రంథములన్నియు అట్లే ఎత్తి వ్రాసుకొంటున్నవి. భగవంతంగారు తన పద్ధతితో తిరిగి లెక్కించి, కొన్ని తరగతుల విషయంలో పొకెల్స్ పొరబడినాడని చూపారు. పెద్దలు వ్రాసినదని, అచ్చులో ఉన్నదని, అందరూ ఒప్పుకొన్నదని ఊరకుండక మొదటినుండి లెక్క వేసి చూచుట. మా తరగతిలో పద్యమునకు వ్యాఖ్యాన పుస్తకం చెప్పిన అర్థమునే వల్లెవేసే విద్యార్థులకు మేము చెప్పదలచిన సంగతి కూడా ఇదే గాని, మా మాట కంటె భగవంతంగారి లెక్క బలమైనది.

అదే 1942 ఏప్రిల్‌లో జపాను విమానములు విశాఖపట్టణంపై బాంబులు వేయగా విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలినది. పరికరములు, పుస్తకములు, పిల్లలు అన్నియు రైలెక్కినవి. ఆ గుంటూరు రోజులలోనే భగవంతంగారు, భీమసేనాచార్‌గారు వజ్రపు స్థితిస్థాపకతను అతిధ్వని తరంగములతో కొలిచారు. కొలుచుటకు కావలసినంత పెద్ద వజ్రములు దొరకుట దుర్లభము. చిన్న పలక గుండా చెవికి వినబడని ధ్వనిని పంపి, అది ఏ పౌనఃపున్యం వద్ద అనునాదం చెందుతుందో చూచి, వజ్రపు మూడు అంకెలను వారు రాబట్టారు. 1946లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్ దానిని ప్రచురించినది. గోలకొండ వజ్రముల పేరు ప్రపంచమంతా మారుమ్రోగిన ఈ గడ్డవాసులకు అది గర్వించదగిన విషయమే. అయితే సత్యమును దాచరాదు. 1957లో అమెరికాలో మెక్‌స్కిమిన్, బాండ్ అనేవారు మరింత మేలైన పరికరములతో కొలువగా ఆ మూడింటిలో ఒకటి చాలా తేడాగా తేలినది. గుంటూరు కొలత ప్రకారం 3.9గా ఉన్న అంకె అక్కడ 1.25 అయినది. నేడు ప్రమాణముగా తీసుకొనేవి అమెరికా వారి అంకెలను పోలినవే. భగవంతంగారి గణితములో నిలిచిన మన్నిక ఈ కొలతలో నిలువలేదు. అసలు వజ్రమును పట్టుకొని అట్టి కొలతకు తెగించినవారే తక్కువ కనుక, తొలి కొలతకుండే గౌరవం దానికి ఉండనే ఉన్నది.

1948లో ప్రభుత్వం ఆయనను శాస్త్రవిషయక సంధాన అధికారిగా లండనుకు పంపినది. ఆ సంవత్సరము గడచిన పిమ్మట 1949లో ఆయన హైదరాబాదు వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రశాఖలో చేరారు. మేము ముందు చెప్పిన రెండు దారులు కలిసినది ఇక్కడే.

1918లో ప్రారంభమైన ఉస్మానియా దేశభాషలో ఉన్నత విజ్ఞానమును బోధించిన మహాప్రయోగము. దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ శాస్త్రగ్రంథములను ఉర్దూలోకి తెచ్చి, పదములు లేనిచోట పదములను కల్పించినది. ఉర్దూలో భౌతికశాస్త్రం తబీయాత్. అయస్కాంతం మక్నాతీస్. స్ఫటికమునకు ఉర్దూలో వాడిన పదం మమ్ములను మిక్కిలి ఆకర్షించినది. అది ఖలం. సురేకారపు కడ్డీలను ఖల్మీ షోరా అనుట మన బజారులలోనూ ఉన్నదే. కోసుగా మెరసే స్ఫటికమునకు, వ్రాసే కలమునకు ఒకే పేరు! ఇటువంటి పదసంపద గల బోధన హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసిన తరువాత ఆగిపోయినది. అధ్యాపకులు ఇరవై, ముప్పై ఏండ్లుగా ఉర్దూలో చెప్పిన పాఠమును ఆంగ్లంలో చెప్పవలసివచ్చినది. సరిగా ఆ సంధియుగంలో భగవంతంగారు అక్కడికి వచ్చారు. 1952లో నవాబ్ అలీ యావర్ జంగ్‌గారి తరువాత ఉపాధ్యక్షులై 1957 వరకు కొనసాగారు.

ఆ ఐదేండ్లు సుఖమైనవి కావు. 1952లోనే ముల్కీ ఆందోళన నగరమును కుదిపివేసినది. విశ్వవిద్యాలయమును కేంద్రము తీసుకొని హిందీ మాధ్యమముగా చేయవలెనన్న ప్రతిపాదనపై తర్జనభర్జనలు జరిగినవి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించుటతో విశ్వవిద్యాలయపు రాష్ట్రమే మారిపోయినది. కృష్ణాతీరంలో పుట్టి, హైదరాబాదులో చదివి, కలకత్తాలో తర్ఫీదు పొందిన ఈ శాస్త్రజ్ఞుడు వీటన్నింటి మధ్య విశ్వవిద్యాలయమును నడిపారు. ఆంగ్లమునకు మారుట వలన ఉస్మానియా విద్యార్థులకు ప్రపంచపు పత్రికలు అందుబాటులోకి వచ్చినవి, నిజమే. కాని ఒక భాషలో ముప్పది ఏండ్లు పెంచిన పదములు గ్రంథాలయపు బీరువాలలో మూతపడినవి. లాభమెంతో నష్టమెంతో ఇప్పటికీ మాకు తేలలేదు. ఉర్దూ, తెలుగు శాఖలు రెండూ గల ఈ కళాశాలలో కూర్చొని ఆ సంగతిని తేలికగా దాటవేయలేము.

1957లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు సంచాలకులై వెళ్లారు. ఇరవై ఏండ్ల క్రితం గురువు రామన్‌గారు విడిచిన కుర్చీ అది. 1961లో రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారు పదవి వచ్చినది. అప్పటి మంత్రి కృష్ణమేనన్‌గారు. మరుసటి సంవత్సరమే చైనాతో యుద్ధం. మూడేండ్లలో పాకిస్తానుతో యుద్ధం. 1969 వరకు ఆయన ఆ పదవిలో ఉన్నారు. హైదరాబాదు రక్షణ పరిశోధనల నగరముగా రూపొందినది ఈ కాలముననే. క్షిపణి పరిశోధన జరిపే డి.ఆర్.డి.ఎల్. 1962లో ఇక్కడికి తరలి వచ్చినది. లోహపరిశోధన జరిపే డి.ఎం.ఆర్.ఎల్. 1963లో ఏర్పడినది. హోమీ భాభాగారి అధ్యక్షతన ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ సంఘంలో విక్రమ్ సారాభాయి, ఎ.యస్. రావుగార్లతో పాటు భగవంతంగారు సభ్యులు. ఆ ఎ.యస్. రావుగారి ఆధ్వర్యంలోనే 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వెలసినది. 1970లో స్థాపితమైన భారత్ డైనమిక్స్‌కు ఈ క్షిపణి పరిశోధనయే పునాది. భానూరు గేటు ముందు బస్సు దిగే మా విద్యార్థి తండ్రి ఉద్యోగపు వంశవృక్షంలో ఈ పేర్లన్నియు ఉన్నవి.

ఇక్కడికి వచ్చేసరికి చాలమంది శాస్త్రజ్ఞుల జీవితచరిత్రలు పదవుల జాబితాలుగా మారిపోతాయి. మేము కూడ అట్లే భావించి ఈ భాగమును త్వరగా ముగించబోయాము. కాని భౌతికశాస్త్ర మిత్రులు ఒక పాత వ్యాసమును చూపి మా తొందరను ఆపారు. అది 1964లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో భగవంతంగారు, పి.వి. పంతులుగారు కలిసి ప్రకటించినది. విషయము స్ఫటికముల అయస్కాంత సౌష్ఠవము, భౌతిక గుణములు. రక్షణశాఖ దస్త్రముల మధ్య కూర్చొని ఆయన తన పందొమ్మిదవ ఏట వదిలిన అయస్కాంతము వద్దకు తిరిగి వచ్చారు!

ఇందలి కీలకమును కొంత నిదానముగా చెప్పవలసియున్నది. చదరంగపు బల్లను తలచుకొనుడు. నాలుగు గళ్లు కలిసే మూలను పట్టుకొని బల్లను పావు మలుపు త్రిప్పితే గళ్లు గళ్ల మీదకే వచ్చును గాని, తెలుపు నలుపు మీదకు, నలుపు తెలుపు మీదకు వచ్చును. అప్పుడు రంగులను కూడ తారుమారు చేస్తే బల్ల మునుపటి బల్లే. త్రిప్పుట ఒక్కటే చాలదు, రంగు మార్చుట ఒక్కటే చాలదు, రెండూ కలిస్తేనే సౌష్ఠవం. అయస్కాంత స్ఫటికములలోని పరమాణువులు ఒక్కొక్కటి చిన్న అయస్కాంతము. కొన్ని పైకి, కొన్ని క్రిందికి ముఖం పెట్టి వరుసలు తీరి ఉంటాయి. ఇక్కడ రంగు మార్చుట అంటే అయస్కాంతపు ముఖమును త్రిప్పుట. అయస్కాంతత్వమునకు మూలము విద్యుత్ప్రవాహము, ఎలక్ట్రానుల భ్రమణము కనుక, కాలమును వెనుకకు నడిపించినట్లు ఊహిస్తే ప్రతి చిన్న అయస్కాంతము ఉత్తర దక్షిణములు తారుమారగును. అందుచేత ఈ క్రియకు కాలవిపర్యయమని పేరు. రష్యాకు చెందిన షూబ్నికోవ్ 1951లో ఈ జంట సౌష్ఠవములను క్రమబద్ధం చేశాడు. ఈ క్రియను చేర్చుకొంటే పాత 32 తరగతులకు మరి 58 కలిసి 90 అయస్కాంత తరగతులేర్పడతాయి.

ఈ లెక్కల వలన ఒరిగినదేమిటి? ఒక ఉదాహరణ చెప్తాము. కొన్ని స్ఫటికములను నొక్కితే విద్యుత్తు పుట్టునని పియరీ క్యూరీ కాలం నుండి తెలియును. మరి నొక్కితే అయస్కాంతత్వం పుట్టే స్ఫటికములుండవా? జర్మనీలో ఫోయిట్ వెదికాడు, కానరాలేదు. 1953లో ఇద్దరు శాస్త్రజ్ఞులు కాలవిపర్యయ నియమం ప్రకారం అది అసలు అసంభవమని తేల్చివేశారు. కాని వారు లెక్కించినది పరమాణు అయస్కాంతములు వరుస తీరని స్ఫటికములకు మాత్రమే వర్తించును. వరుస తీరిన స్ఫటికమునకు కాలవిపర్యయం తనంత తాను సౌష్ఠవ క్రియ కాదు, మరొక మలుపుతో కలిసినప్పుడే అవుతుంది. ఈ మర్మమును రష్యన్లు గ్రహించారు. కోబాల్టు ఫ్లోరైడు, మాంగనీసు ఫ్లోరైడు స్ఫటికములను నొక్కి బొరోవిక్ రొమానోవ్ అయస్కాంతత్వమును పుట్టించి చూపాడు. 1960లో ఆస్ట్రోవ్ క్రోమియం ఆక్సైడు స్ఫటికంలో విద్యుత్ క్షేత్రముతో అయస్కాంతత్వమును రాబట్టాడు. అసంభవమన్నది ఏడెనిమిదేండ్లలో ప్రయోగశాల బల్లమీదకు వచ్చినది.

భగవంతం, పంతులుగార్లు ఈ ఘట్టములో ప్రవేశించి, వాల్తేరునాటి ఆ పాత లక్షణాంకముల పద్ధతినే 90 తరగతులకు వర్తింపజేశారు. ఏ తరగతిలో ఏ అయస్కాంత గుణము సాధ్యం, దానిని చెప్పుటకు ఎన్ని అంకెలు కావలెను అనేది ఆ లెక్క వలన తేలును. స్వతస్సిద్ధ అయస్కాంతత్వము 31 తరగతులలో, నొక్కితే పుట్టే అయస్కాంతత్వము 66 తరగతులలో, విద్యుత్తు చేత పుట్టే అయస్కాంతత్వము 58 తరగతులలో మాత్రమే సాధ్యం. మిగిలిన తరగతులలో వెదకుట వృథా. కొత్త అయస్కాంత పదార్థమును చేతపట్టిన పరిశోధకునికి ఇది బావి త్రవ్వుటకు ముందే నీరెక్కడ ఉన్నదో, మరీ ముఖ్యంగా ఎక్కడ లేదో తెలిపే పటము. రెండేండ్లకు, 1966లో, స్ఫటిక సౌష్ఠవము భౌతిక గుణములు అనే గ్రంథమును అకాడమిక్ ప్రెస్ ప్రకటించినది. యుద్ధము ముగిసి ఏడాది తిరగకముందే ఒక రక్షణశాఖ ఉన్నతాధికారి పేరిట వెలువడిన గ్రంథములో ఫిరంగి మాట ఒక్కటీ లేదు.

కనుక మేము మొదట వేసిన ప్రశ్నకు సూటి సమాధానం దొరకలేదు. ప్రయోగము చేసే చేయి కార్యాలయానికి పోయినది, అది నష్టమే. 1950 తరువాత వజ్రపు పలక వంటి కొలతలు ఆయన పేరుమీద పెద్దగా కనబడవు. అయినా కాగితము, పెన్సిలు మాత్రమే అడిగే గణితము ఆయనతో ఢిల్లీ వరకు వచ్చినది. భగవంతంగారు ఎన్నుకొన్న శాస్త్రము పరికరము లేకున్నను బ్రతుకగలిగినది కాబట్టి బ్రతికినదేమో. అదే స్థానంలో కేవల ప్రయోగశాస్త్రజ్ఞుడు ఉండినట్లైతే కథ ఇట్లు ఉండకపోవచ్చును. పదవులకు పోయిన వారినందరిని ఒకే గాటన కట్టరాదనుటకు మాత్రమే మేము సాహసిస్తాము.

జీవితపు ఉత్తరార్ధంలో ఆయన పుట్టపర్తి సత్యసాయిబాబాగారి భక్తులైనారు. బాబాగారి తెలుగు ఉపన్యాసములను సభలలో ఆంగ్లంలోకి అనువదించేవారు. ఒక శాస్త్రజ్ఞుడు ఇట్లు చేయవచ్చునా అని ఆనాడు హేతువాదులు ఘాటుగా విమర్శించారు. మనిషి విశ్వాసమును మరొక మతస్థులమైన మేము తూకము వేయబూనుట మర్యాద కాదు. ఆయన లెక్కలను ఆయన లెక్కలుగానే చూచుట న్యాయము.

1986లో స్విట్జర్లాండులో బెడ్నోర్జ్, ముల్లర్ అనే శాస్త్రజ్ఞులు రాగి ఆక్సైడు స్ఫటికములలో అధిక ఉష్ణోగ్రత వద్ద సూపర్‌కండక్టివిటీని, అనగా నిరోధము లేని విద్యుత్ప్రవాహమును, కనుగొన్నారు. మరుసటి ఏడే వారికి నోబెల్ బహుమతి లభించినది. ఆ పదార్థముల మూలరూపమును పరిశీలింపగా అందులోని రాగి పరమాణువులు పైకి, క్రిందికి ముఖము పెట్టిన చిన్న అయస్కాంతములుగా చదరంగపు గళ్ల వలె వరుస తీరి ఉన్నవని 1987లో న్యూట్రాన్ ప్రయోగములు చూపినవి. భగవంతంగారు అప్పటికి డెబ్బది ఎనిమిదవ ఏట ఉన్నారు. 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. 90 తరగతుల పట్టికను కొత్త పదార్థములను వెదకే పరిశోధకులు నేటికీ తెరచి చూచుచునే ఉన్నారు.